చేలో నిలబడ్డ సిపాయి

పటాలం గట్టయ్యకు ఆ పొద్దున ఉన్న పని ఒక్కటే. నున్నగా గడ్డం గీయించుకొని, ఉతికిన ఖాకీ వర్దీ తొడుక్కొని, ఎండ నడినెత్తికి రాకముందే నెల్లికుదురు క్యాంపులో ఆఫీసరు ముందు నిలబడాలి. సెల్యూట్ కొట్టి, "సార్, నా చెల్క నాకు ఇప్పియ్యుండ్రి" అనాలి. ఈ ఒక్క మాటను బర్రెకూ, దొడ్డి గోడకూ, భార్య చంద్రమ్మకూ కొన్నాళ్లుగా చెప్పి చెప్పి, చివరికి బర్రె కూడా విసుక్కునేదాకా తెచ్చాడు.

మిలిటరీ వచ్చి రజాకార్లను తరిమిన మరుసటి ఏడు అది. మోదుగులగూడెంలో జొన్న కంకులు గింజ పట్టే రోజులు. గట్టయ్య అంతకు ముందు పెద్ద యుద్ధంలో బర్మా దాకా పోయి వచ్చిన మనిషి. అక్కడ ఆయన చేసింది వంట. పటాలానికి పప్పు ఉడకబెట్టి, రొట్టెలు కాల్చి, బాంబులు పడుతుంటే గుండిగ కింద దూరి ప్రాణం దక్కించుకొని వచ్చాడు. తుపాకీని దగ్గరగా చూశాడే గాని ముట్టుకోలేదు. ఊళ్లో మాత్రం ఆయన శత్రువులను కుప్పలుగా పడగొట్టి వచ్చాడనే అనుకున్నారు. కాదని చెప్పమని గట్టయ్యను ఎవరూ అడగలేదు, ఆయన కూడా తొందరపడలేదు.

తిరిగి వచ్చాక సంఘం వాళ్లు దొర బంజరులో ఒక చెల్క చూపించి దున్నుకోమన్నారు. మొగుడూ పెళ్లాలు రాళ్లు ఏరి, తుప్పలు కొట్టి, ఆ నేలను నేల చేశారు. ఇప్పుడు మిలిటరీ అండతో దొర మళ్లీ గడిలో దిగాడు. కోత కాగానే చెల్క వదలాలని కబురు పెట్టాడు. గట్టయ్యకు ఆ రోజు నుంచి అన్నం సహించడం లేదు.

అలాంటప్పుడు డప్పు చాటింపు వినిపించింది. కొత్త సర్కారు పాత సిపాయిల బాగోగులు చూస్తుందట. ఎవరికి ముందు ఏమివ్వాలో ఒక వరస కూడా పెట్టిందట. కాలో చెయ్యో పోయినవాళ్లు ముందు, యుద్ధంలో పతకాల బిళ్లలు వచ్చినవాళ్లు తర్వాత, మిగిలినవాళ్లు మిగిలితే. వర్దీ లేకుండా వచ్చినవాణ్ని సిపాయిగా లెక్క కట్టరు. రెండు కాళ్లూ రెండు చేతులూ సరిగ్గా ఉండటం కూడా ఒక లోపమేనని గట్టయ్యకు అప్పుడే తెలిసింది.

కానీ క్యాంపుకు పోవడమంటే మాటలు కాదు. పోయివచ్చినవాడి మీద అడవిలోని సంఘం దళానికి అనుమానం. పోనివాడి మీద క్యాంపుకు అనుమానం. దళాలకు తుపాకీ నేర్పుతున్నది పాత సిపాయిలేనని క్యాంపు వాళ్ల నమ్మకం. రేగొండ వైపు ఒక పాత సిపాయిని జీపులో ఎక్కించుకుపోయారు. అతని చెప్పులు ఇంటికి వచ్చాయి, అతను రాలేదు. గట్టయ్య భయపడుతూనే తండాకు పోయి, సంఘం మనిషి జాల్యాను అడిగాడు. భూమి గురించి తప్ప ఇంకో ముక్క మాట్లాడితే ఊరుకునేది లేదని చెప్పి జాల్యా సరేనన్నాడు.

ఆ పొద్దున చీకటి విడుతుండగానే చంద్రమ్మ వర్దీని చెల్కలోని మోట బావి దగ్గరికి తీసుకుపోయింది. కుంకుడు రసంతో ఉతికి, చిక్కటి గంజి పెట్టింది. ఇంటి దండెం మీద ఆరేస్తే పొయ్యి పొగ పడుతుంది, కంచె మీద వేస్తే ముళ్లు పడతాయి. చుట్టూ చూస్తే చేను నడుమ బెదురుబొమ్మ కనిపించింది. దాని పాత గోనెసంచి ఎప్పుడో చివికిపోయి, అడ్డకర్ర ఒక్కటే చేతులు చాపి నిలబడి ఉంది. ఖాకీ చొక్కా ఆరేయడానికి దానికంటే మంచి దండెం లోకంలో లేదనిపించింది ఆమెకు. చేతులు రెండూ కర్రకు తొడిగి, లాగు కింద కట్టి, టోపీ మడత పోకుండా, బొమ్మకు తలకాయగా బోర్లించిన కుండ మీద పెట్టింది. ఆముదం రాసిన బూట్లను ఎండ తగలాలని కాళ్ల దగ్గరే ఉంచింది. చొక్కాకు రెండు గుండీలు లేవు. పక్క ఊళ్లో బట్టలు కుట్టే మార్తమ్మ దగ్గర పాత ఇత్తడి గుండీలు ఉన్నాయని విని, అవి అడిగి తెద్దామని అడ్డదారిన బయలుదేరింది. ఈ సంగతి మొగుడికి చెప్పలేదు. చెబితే మళ్లీ ఆ సెల్యూట్ వినిపిస్తాడని ఆమె భయం.

గట్టయ్య అప్పటికే మంగలి లింగయ్య ఇంటి అరుగు మీద గడ్డానికి నీళ్లు పట్టించుకొని కూర్చున్నాడు. లింగయ్య కత్తి నూరి ఒక చెంప పూర్తి చేశాడు. మీసం సగం దిద్దాడు. అప్పుడు వినిపించింది ఎల్లక్క డబ్బా.

ఎల్లక్క మంచె మీద కూర్చొని పిట్టలను తోలే మనిషి. రోజూ రేకు డబ్బా వాయిస్తూ, "హోయ్" అని కేకలు పెడుతుంది. డబ్బా, కేక కలిసి వినిపిస్తే పిట్టలు వచ్చాయని అర్థం. కేక లేకుండా డబ్బా ఒక్కటే ఆగకుండా మోగితే ఖాకీ వచ్చిందని. ఈ కట్టుబాటు ఊరికీ ఎల్లక్కకూ మధ్య రజాకార్ల కాలం నుంచీ ఉంది. ఆ పొద్దున డబ్బా మోగుతూనే ఉంది, కేక మాత్రం రాలేదు.

కత్తి లింగయ్య చేతిలోంచి జారింది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. పొయ్యి మీది అన్నం పొయ్యి మీదే, దొడ్లో బర్రె దొడ్లోనే. పిల్లలను చంకనేసుకొని, ముసలివాళ్లను చేయి పట్టి లాక్కొని, ఊరంతా వాగు దాటి మోదుగు పొదల్లో దూరింది. గట్టయ్య సగం మీసంతో అందరికంటే ముందే చేరాడు. చంద్రమ్మ ఏదని వెతికాడు. లేదు. ఆమె పొద్దున్నే అడ్డదారిన పోతుంటే చూశానని ఎవరో అన్నాక గాని ఆయన గుండె కొంచెమైనా కుదుటపడలేదు.

కాసేపటికి ఎల్లక్క కూడా మంచె దిగి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకొని, రొప్పుతూ వచ్చింది. ఎంతమంది అని జాల్యా అడిగాడు. తండా నుంచి పొద్దున్నే ఊళ్లోకి వచ్చి అతనూ చిక్కుకుపోయాడు. ఎల్లక్క తనకు కనిపించింది ఒక్కడేనని, గట్టయ్య చేనులోనే నిలబడ్డాడని చెప్పింది. అందరూ పొదల సందుల్లోంచి చూశారు. వాగు అవతల పల్చగా మంచు. ఎదురుగా పొద్దు. జొన్న కంకుల మీదుగా ఖాకీ ఛాతీ, దాని మీద టోపీ కనిపిస్తున్నాయి. తన వర్దీ ఇంట్లో దండెం మీద ఆరుతోందనుకుంటున్న గట్టయ్య, ఆ ఖాకీని చూసి జాల్యా వెనక్కి జరిగాడు.

"గట్టయ్యా, నువ్వు పటాలంల చేసినవు గద. గాయన ఎందుకు కదుల్తలేడు?" అని జాల్యా గుసగుసగా అడిగాడు.

ఊరంతా గట్టయ్య మొహం చూసింది. తెలియదని చెప్పడానికి అది మంచి సమయమే. కానీ ఇన్నేళ్ల పేరు ఒక్క మాటతో పోతుంది. గట్టయ్య గొంతు సవరించుకున్నాడు.

"అది పహరా అన్న. పహరాల ఉన్న సిపాయి కదలడు."

"మరి చేతులు అట్ల చాపిండేంది?"

ఇది కష్టమైన ప్రశ్న. బర్మాలో చేతులు అలా చాపి నిలబడేది ఎసరు మరుగుతుంటే జనాన్ని దగ్గరికి రానీయకుండా ఆపడానికే. అది చెప్పలేక గట్టయ్య ఆలోచించాడు. చేతులు చాపితే రెండు వైపులకూ పొమ్మని వెనకవాళ్లకు సైగ అని, అంటే ఊరును రెండు దిక్కుల నుంచి చుట్టబోతున్నారని చెప్పాడు. చెప్పాక ఆ మాట తనకే నిజమనిపించి, పారిపోయే దారి కోసం వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎందరు ఉంటారని అడిగారు. ఒక సైగకు ఒక గుండిగెడు పప్పు తినేంత మంది ఉంటారని ఆయన లెక్క కట్టాడు. గుండిగ ఎంత పెద్దదో రెండు చేతులూ చాపి చూపించేసరికి, చూసినవాళ్ల ప్రాణం సగం పోయింది.

అంతలో ఒక గాలి తెర వచ్చింది. సిపాయి కుడి చేయి మెల్లగా ఊగింది. "ముందుకు రమ్మంటుండు," అన్నాడు గట్టయ్య, ఈసారి ఎవరూ అడగకుండానే. ఆ మాటతో సగం ఊరు తండా దాటి గుట్టల్లోకి నడిచింది. జాల్యా ఒక మనిషిని అడవిలోకి ఉరికించాడు. ఆ మధ్యాహ్నం దళం ఊళ్లోకి అన్నానికి రావలసి ఉంది. రావద్దని, ఊరు చుట్టూ మిలిటరీ ఉందని, దూరంగా పొమ్మని కబురు పోయింది.

పొద్దు ఎక్కుతోంది. ఒక పిచ్చుక ఎగిరి వచ్చి సిపాయి భుజం మీద వాలింది. తర్వాత ఇంకొకటి టోపీ మీద. అక్కడ ఒక్క క్షణం నిజం బయటపడేదే. ఎల్లక్క కళ్లు చిన్నవి చేసి, "పిట్ట వాలితె గూడ ఊకున్నడేంది?" అంది. పిట్టల సంగతి ఆమెకు తెలుసు మరి. కానీ గట్టయ్య పేరు ఆమె అనుమానం కంటే పెద్దది. కాకి వచ్చి కన్ను పొడిచినా కదలకుండా నిలబడేలా బర్మాలో తయారు చేస్తారని, అలాంటివాళ్లు వెయ్యికి ఒక్కడు ఉంటాడని, అలాంటివాణ్ని పంపారంటే ఊరి మీద సర్కారుకు చాలా కోపం ఉన్నట్టేనని ఆయన చెప్పాడు. ఎల్లక్క మళ్లీ తల పొదలోకి దించింది.

ఎండ నడినెత్తికి వచ్చింది. నెల్లికుదురులో ఇప్పుడు ఒక్కొక్క సిపాయినీ పిలుస్తూ ఉంటారు. కుంటివాళ్లు అయిపోయి, బిళ్లలవాళ్లు అయిపోయి, మిగిలినవాళ్ల వంతు కూడా అయిపోయి ఉంటుంది. గట్టయ్య రాళ్లు ఏరిన చెల్క, చంద్రమ్మ చేతులకు బొబ్బలు ఎక్కించిన చెల్క, మోదుగు ఆకుల సందులోంచి కనిపిస్తూనే తన చేతిలోంచి జారిపోతోంది. ఆయనకు ఏడుపు వచ్చింది. బాంబుల కింద కూడా రాని ఏడుపు.

దాని వెంటే ఇంకో ఆలోచన వచ్చింది. సిపాయిలు ఇళ్లు వెతుకుతారు. తన ఇంట్లో దండెం మీద ఖాకీ వర్దీ దొరుకుతుంది. లోపల మనిషి ఉండడు. సిపాయిని చంపి బట్టలు దాచారనుకుంటారు. ఇది తోచగానే ఏడుపు ఆగిపోయింది. "అన్న, నన్ను కాల్చేస్తరు," అన్నాడు జాల్యాతో. జాల్యా ఆయన భుజం మీద చేయి వేశాడు గాని, కాల్చరని మాత్రం అనలేదు.

సరిగ్గా అప్పుడే అడ్డదారిన చంద్రమ్మ వస్తూ కనిపించింది. కొంగున ముడేసిన గుండీలతో, ఎవరూ లేని ఊరిని పట్టించుకోకుండా, తిన్నగా చేనులోకి దిగింది. గట్టయ్య కేక పెట్టబోయాడు. జాల్యా అరచేత్తో ఆయన నోరు మూసి, నేలకు అదిమిపట్టాడు. ఒక్క కేక పెడితే ఊరంతా చస్తుందని చెవిలో చెప్పాడు. గట్టయ్య కళ్లతోనే పెళ్లాన్ని ఆపాలని చూశాడు. ఆమె ఆగలేదు. మొగుడిగా ఆ కొద్దిసేపు ఆయన పడ్డ నరకం పగవాడికి కూడా వద్దు.

చంద్రమ్మ సిపాయి దగ్గరికి పోయింది. జంకలేదు. అతని చేయి పట్టుకొని పిండి చూసింది. వీపు తడిమింది. టోపీ మీది పిచ్చుకలను అదిలించి, టోపీ తీసి దులిపి, తన నెత్తిన పెట్టుకుంది. తర్వాత తీరుబడిగా అతని చొక్కా విప్పడం మొదలుపెట్టింది.

ఆడవాళ్లు కొంగులు మొహానికి అడ్డం పెట్టుకొని, వాటి అంచుల్లోంచి చూస్తున్నారు. చొక్కా ఊడి వచ్చింది. లాగు ఊడి వచ్చింది. మిగిలింది ఒక అడ్డకర్ర, దాని మీద మసి కుండ. అందరి తలలూ మెల్లగా గట్టయ్య వైపు తిరిగాయి.

"అది నా వర్దీ లెక్కనే ఉన్నది," అన్నాడు గట్టయ్య.

నవ్వడానికి ఎవరికీ తీరిక దొరకలేదు. వాగు అవతల, ఈసారి నిజంగానే, జీపు చప్పుడు వినిపించింది. మళ్లీ పొదల్లోకి దూరబోయిన జనంలోంచి గట్టయ్య ఒక్కడే ముందుకు ఉరికాడు. అది ధైర్యం కాదు. చంద్రమ్మ చేతుల్లో ఖాకీ వర్దీతో ఒంటరిగా నిలబడి ఉంది, జీపు ఆమె వైపే వస్తోంది. ఉరుకుతూనే చొక్కా లాక్కొని తొడుక్కొని, ఆమె నెత్తి మీది టోపీ తన నెత్తిన పెట్టుకున్నాడు. లాగు ఎలా ఎక్కిందో, బూట్లలో కాళ్లు ఎలా దూరాయో ఆయనకు తర్వాత కూడా గుర్తులేదు. అడ్డకర్రను చంద్రమ్మ కాలితో పడదోసి, మట్టి ముద్ద పక్కకు నెట్టినట్టు కుండను చాలులోకి నెట్టింది.

జీపు దిగినవాడు నెల్లికుదురు క్యాంపులో కూర్చోవలసిన ఆఫీసరే. కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి. వెనక తుపాకులతో నలుగురు. గట్టయ్య సెల్యూట్ కొట్టి, ఎత్తిన చేయి దించడం మరిచిపోయాడు.

ఆఫీసరు కోపంగా లేడు, తికమకగా ఉన్నాడు. పొద్దు పొడిచాక తమ బలగమొకటి ఈ ఊరిని వెతకడానికి వచ్చిందట. దళం వాళ్లు అన్నానికి వస్తున్నారని సమాచారం ఉందట. ఇల్లిల్లూ తిరగమని, ఎదురు తిరిగితే కాల్చమని ఆజ్ఞ. తీరా రోడ్డు మీదికి వచ్చి చూస్తే, చేలో ఒక సిపాయి చేతులు చాపి నిలబడి ఉన్నాడు. ముందుకు రావద్దని సైగ చేస్తున్నాడని, వేరే కంపెనీ ఊరిని ముందే చుట్టుముట్టిందని అనుకొని, చప్పుడు చేయకుండా వెనక్కి పోయారు. పొద్దుటి నుంచీ ఆఫీసరు అన్ని కంపెనీలనూ అడుగుతున్నాడు. ఆ సిపాయి మా వాడే అని ఒక్కరూ అనడం లేదు.

"ఎవరయ్యా అతను? ఇక్కడ నిలబడమని ఎవరు చెప్పారు?"

కర్ర అని చెబితే, అంతమంది సాయుధులు కర్రను చూసి వెనుదిరిగారని చెప్పినట్టు. ఆ మాట విన్న ఆఫీసరు తనను బతకనిస్తాడా? నేనే అని చెబితే, ఎందుకు నిలబడ్డావని అడుగుతాడు. రెండు దారుల్లోనూ తుపాకులే కనిపించాయి.

"ఈయన మా ఆయన దొరా," అంది చంద్రమ్మ. "పొద్దటి సంది ఈ వర్దీ ఈ చేన్లనే ఉన్నది. ఎవ్వరు చెప్పలే."

అందులో ఒక్క అబద్ధం కూడా లేదు గనుక ఆమె గొంతు వణకలేదు. ఆఫీసరు గట్టయ్య చుట్టూ తిరిగి చూశాడు. గంజికి బిగుసుకుపోయిన చొక్కా చూశాడు. భుజం మీద పిచ్చుక రెట్టలు చూశాడు. అవి చూశాక ఆయన మొహం మారింది.

"పిట్టలు వాలినా కదలలేదా?"

"లేదు సార్," అన్నాడు గట్టయ్య, తాను కళ్లారా చూసిన సంగతి గనుక.

"మరి మీసం సగమే ఉందేం?"

"గడ్డం గీసుకుంట నడుమల ఉరికొచ్చిన సార్."

ఆఫీసరు తన టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. పొద్దున నుంచీ తాను ఎందరో సిపాయిలను చూశానని, అందరూ తమకు పోయిన వేళ్లూ రావలసిన బిళ్లలూ చూపించారని, ఆజ్ఞ లేకుండా, తిండి లేకుండా, కదలకుండా పహరా కాసినవాడు ఒక్కడూ లేడని అన్నాడు. సర్కారు పెట్టిన వరసలో ఇలాంటివాడికి చోటు లేదట. అందుకే అన్నిటికంటే పైన కొత్తగా ఒక చోటు పెడుతున్నానన్నాడు. ఏం కావాలో అడగమన్నాడు.

అన్ని రోజులూ బర్రెకు చెప్పిన మాట ఆ క్షణంలో ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు. గట్టయ్య వేలితో కాళ్ల కింది నేలను చూపించాడు. ఆఫీసరు నవ్వి, నిలబడిన చోటు నిలబడినవాడిదేనని, దొరతో తానే మాట్లాడతానని అన్నాడు. జీపు ఎక్కుతూ వెనక్కి తిరిగి, రేపటి నుంచి రోజూ ఇక్కడే ఇలాగే నిలబడాలని, తమవాళ్లు రోడ్డు మీది నుంచి చూస్తూ పోతారని చెప్పాడు.

జీపు కనుమరుగయ్యాక గట్టయ్య చాలులో కూలబడిపోయాడు. జనం ఒక్కొక్కరే వాగు దాటి వచ్చారు. ఆ పొద్దున క్యాంపు వాళ్లూ, మధ్యాహ్నం దళమూ ఊళ్లో ఎదురుపడి ఉంటే ఏమయ్యేదో జాల్యా నోటితో చెప్పలేదు, అందరికీ తెలుసు. ఎల్లక్క తన మనవరాలిని ఎత్తుకొని, ఎంత దింపమన్నా దింపలేదు.

"చెల్క దక్కింది. ఇగ రోజు నిలబడు మరి," అన్నాడు లింగయ్య, మిగిలిన చెంప కోసం కత్తి పట్టుకొచ్చి.

"ఖాకీతోని నిలబడితె దళమోళ్లు కాలుస్తరు. నిలబడకుంటె క్యాంపోళ్లు కాలుస్తరు," అన్నాడు గట్టయ్య.

చంద్రమ్మ కొంగు నడుముకు చుట్టింది. చాలులోంచి అడ్డకర్రను లేపి పాతింది. కుండను మట్టి తుడిచి పైన పెట్టింది. మొగుడి ఒంటి మీది చొక్కా విప్పించి, మార్తమ్మ ఇచ్చిన ఇత్తడి గుండీలు కుట్టి, కర్రకు తొడిగింది. అది కర్రేనని, తూటా వృథా చేయవద్దని దళానికి జాల్యా చెప్పి పంపాడు. ఆ సిపాయి కోతల దాకా ఎండలో, మంచులో, కదలకుండా నిలబడ్డాడు. క్యాంపు జీపులు రోడ్డు మీది నుంచే చూసి పోయేవి. దొర మనుషులు ఆ చేను గట్టు కూడా తొక్కలేదు. నెలలు గడిచాక పట్టా గట్టయ్య పేరు మీద వచ్చింది.

సిపాయిని చూసి భయపడనివి ఆ చుట్టుపక్కల పిట్టలే గనుక, ఆ ఏటి జొన్నలు మాత్రం అవే తిన్నాయి.